రాయి తీశారా, కిడ్నీ తీశారా?

అమ్మలూ, 24 గంటల నొప్పి అని విన్నావుగా? అపెండిక్స్ వాచి వచ్చే కడుపునొప్పిని మన పెద్దవాళ్లు అలాగే అంటారు. దానికి చేసే ఆపరేషన్‌ని అమెరికా డాక్టరు అపెండెక్టమీ అని రాస్తాడు, ఇంగ్లండు డాక్టరు అపెండిసెక్టమీ అంటాడు. మన డిశ్చార్జి కాగితంలో ‘ల్యాప్ అపెండిక్స్’ అని గీకేసి ఉంటుంది. మూడూ అపెండిక్స్ తీసెయ్యడం గురించేనని డాక్టరుకు ఇట్టే తెలిసిపోతుంది. కంప్యూటరుకు మాత్రం అవి పొంతన లేని మూడు మాటలు.

ఈ చిక్కు తీర్చడానికే స్నోమెడ్ సీటీ అనే పెద్ద వైద్య పదకోశం ఉంది. అమెరికా పాథాలజిస్టుల సంఘం 1965 నుంచి పెంచుకుంటూ వచ్చిన పట్టికనీ, ఇంగ్లండులోని లఫ్‌బరోలో ప్రాక్టీసు చేసిన డాక్టర్ జేమ్స్ రీడ్ 1980లలో మొదలుపెట్టిన కోడ్‌లనీ కలిపి, 2002లో దీన్ని తొలిసారి విడుదల చేశారు. జబ్బులు, శరీర భాగాలు, మందులు, ఆపరేషన్లు అన్నీ కలిపి మూడున్నర లక్షలకు పైగా భావనలున్నాయి. అపెండిక్స్ తీసెయ్యడం అనే భావన నంబరు 80146002. పైకి అపెండెక్టమీ అన్నా అపెండిసెక్టమీ అన్నా లోపల ఉండేది ఈ నంబరే. అంకెల్లో ఆ ఆపరేషన్ అర్థమేమీ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. రేపు వైద్యం మారి ఆ ఆపరేషన్‌ని ఇంకో వర్గంలో చేర్చాల్సి వచ్చినా నంబరు కదిలించక్కర్లేదు. చివరి అంకెకు వేరే పనుంది. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దానితో లెక్క కుదరక తప్పు దొరికిపోతుంది. ఈ లెక్క 1969లో వెర్‌హూఫ్ అనే డచ్ గణితవేత్త కనిపెట్టింది.

మరి అర్థం ఎక్కడుంది? ఆ నంబరుకు తగిలించిన సంబంధాల్లో ఉంది. ఏం చేశారు? కోసి తీసేశారు. దేన్ని? అపెండిక్స్‌ని. ఈ రెండూ చెబితే ఆ ఆపరేషన్ నిర్వచనం పూర్తయినట్టే. ‘లాపరోస్కోపుతో’ (మన కాగితంలోని ‘ల్యాప్’ అదే) అని మూడో ముక్క చేర్చావనుకో, చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అవుతుంది. అప్పుడది అపెండిక్స్ తీసే ఆపరేషన్ల వర్గంలోనూ ఉంటుంది, లాపరోస్కోపుతో చేసేవాటి వర్గంలోనూ ఉంటుంది. నువ్వు మాకూ మనవరాలివే, మీ అమ్మమ్మ వాళ్లకూ మనవరాలివే కదా, అలాగన్నమాట. ఈ చుట్టరికాల్లో చాలావాటిని ఎవరూ కూర్చుని రాయరు. నిర్వచనాలు చూసి కంప్యూటరే తర్కంతో తేల్చుకుంటుంది.

కిడ్నీలో రాయి తీశారనుకో. ‘తీశారు’, ‘కిడ్నీ’ అని ఊరుకుంటే కొంప మునిగిందే, కిడ్నీయే తీసేశారన్న అర్థం వస్తుంది. అందుకని పని నేరుగా దేని మీద జరిగిందో ఒకటి, అది ఎక్కడుండగా జరిగిందో ఇంకొకటి, విడివిడిగా చెబుతారు. తీసింది రాయిని, కిడ్నీ అది ఉన్న చోటు మాత్రమే.

నాకు అన్నిటికంటే నచ్చింది కాలివేలి సంగతి. షుగరు ముదిరి కాలికి పుండు పడ్డవాళ్లకు ఒక్కోసారి వేలు తీసెయ్యాల్సి వస్తుంది. వేలు పాదంలో భాగమే. వేలికి దెబ్బ తగిలితే పాదానికి తగిలినట్టే, అది సరే. మరి వేలు తీసేస్తే పాదం తీసేసినట్టా? భాగానికి జరిగింది మొత్తానికీ జరిగినట్టే అనే సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుంటే ఆ మనిషి పాదం పోయినవాళ్ల జాబితాలోకి ఎక్కేస్తాడు! అందుకే ‘మొత్తం పాదం’ అని ఒక భావన, ‘పాదంలో ఏదో ఒక భాగం’ అని ఇంకోటి, ఆ రెండూ ఇమిడే ‘పాద నిర్మాణం’ అని మూడోది పెట్టారు. దెబ్బని పాద నిర్మాణంతో ముడివేస్తారు, పాదం తీసెయ్యడాన్ని మొత్తం పాదంతో ముడివేస్తారు. ఇప్పుడు వేలి దెబ్బ పాదం దెబ్బల్లో చేరుతుంది, వేలు తీయడం పాదం తీయడంలో చేరదు. ఇంత సూక్ష్మంగా ఆలోచించినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం, అమ్మలూ. దూరాన రికార్డు మాత్రమే చూసే డాక్టరుకు రోగి కాళ్లు కనబడవు కదా.

ఈ పదకోశాన్ని నడిపే సంస్థలో మన దేశం 2014లో సభ్యత్వం తీసుకుంది. కాబట్టి ఇక్కడి ఆసుపత్రులూ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లూ రుసుము కట్టకుండా వాడుకోవచ్చు. పుణెలోని సీ-డాక్ ఆ పని చూస్తుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కోడ్‌లు వేరు, అవి ఏ వైద్యానికి ఎంత చెల్లించాలో చెప్పడానికి. డబ్బు లెక్కకు ఒకే గాటన కట్టినవి డాక్టరు కంటికి వేరువేరు కావచ్చు, అందుకని బిల్లు కోడ్ చూసి రోగి చరిత్ర రాయకూడదని నేనంటాను.

ఇంకో మెలిక ఉంది. రికార్డులో ఆపరేషన్ నంబరు ఒక్కటే ఉంటే, దాన్ని ఆ రోగికే చేశారని అర్థం. చెయ్యాలనుకున్నారు, చెయ్యలేదు, రోగి వద్దన్నాడు, ఇలాంటివి చెప్పడానికి విడిగా ఇంకో వర్గం భావనలున్నాయి. ఈ తేడా ఎందుకంటే, కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో వచ్చిన మనిషికి గాల్‌బ్లాడర్ ఇదివరకే తీసేసి ఉంటే, డాక్టరు నొప్పికి వేరే కారణం వెతకాలి. తీద్దామని వాయిదా వేసి ఉంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.