నీళ్లలో పెట్టిన కొమ్మకు వేర్లు ఎలా వస్తాయి?

మనీప్లాంట్ తీగను ఒకసారి దగ్గరగా చూడండి. ఆకు కాడ కాండాన్ని అంటుకునే చోట ఉబ్బెత్తుగా కణుపు ఉంటుంది. దాని మీద గోధుమరంగులో చిన్న బొడిపె కూడా కనిపిస్తుంది. నీళ్లు తగిలితే వేరుగా సాగేది అదే! అందుకే కత్తిరించేటప్పుడు కణుపుకు అర అంగుళం కిందగా కోయాలి. కణుపు లేని ముక్కను, ఒట్టి ఆకును ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా కొత్త తీగ రాదు.

మరి బొడిపెలు లేని పుదీనాకు వేర్లెలా వస్తాయి? చిగురులో, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోను తయారై కాండంలో కిందికి దిగుతుంది. కొమ్మను కోస్తే ఆక్సిన్ దారి అక్కడితో ఆగిపోయి, అది కోసిన చోట పోగవుతుంది. అక్కడి కణాలు దాని ప్రభావంతో మళ్లీ విభజన చెంది వేర్లవుతాయి. ఇలా కాండం నుంచి పుట్టేవాటిని అబ్బురపు వేర్లు అంటారు. ఆక్సిన్ ఉనికిని 1928లో ఓట్ మొలకలతో నిరూపించింది డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్.

వేర్లూ ఊపిరి పీల్చుకుంటాయి. నిలవ నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మునిగే ఆకులు కుళ్లుతాయి, ముందే తుంచేయండి. సీసాను మండుటెండలో పెట్టొద్దు.

వేర్లు రెండంగుళాలు సాగగానే మట్టిలో నాటండి. నీటికి అలవాటుపడ్డ వేర్లు కదా, మొదటి వారం మట్టి ఆరనివ్వకండి.