ఉప్పు నేలలో పైరుకు ఆకు దారిన ఊతం

తిరువళ్లూరు జిల్లా తూర్పు అంచున, ఆరణి, కుశస్థలి నదుల మధ్య మేటలలో ఊరే నీటిని సాగుకూ, మద్రాసు నగరానికీ, పరిశ్రమలకూ ఏళ్ల తరబడి ఎడతెగకుండా తోడివేయడం వల్ల, మీంజూరు ప్రాంతంలో సముద్రపు నీరు భూమి అడుగున లోపలికి చొచ్చుకువచ్చిందని 1960ల చివరికే గుర్తించారు. ఆ తరువాతి దశాబ్దాలలో అది తీరం నుంచి పది కిలోమీటర్లకు పైగా పాకింది. అదే జిల్లాలోని తిరుత్తణి వైపు సముద్రపు పోటు లేకపోయినా, రాతినేల బావులలో అడుగంటిన నీటినే ఎండాకాలమంతా పారించే చోట, నీరు ఆవిరై లవణాలు మడిలోనే మిగిలిపోతాయి.

ఉప్పు పైరును రెండు విధాల దెబ్బతీస్తుంది. మట్టినీటిలో లవణం చిక్కబడినకొద్దీ, నేల తడిగానే ఉన్నా వేరు ఆ నీటిని పీల్చుకోలేదు. ఆపైన లోపలికి చేరిన సోడియం, మొక్కకు ప్రాణాధారమైన పొటాషియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. వరిలో ముదురు ఆకుల కొనలు తెల్లబడి, చుట్టుకొని, కిందికి ఎండుతూ రావడం దీని ఆనవాలు. నేలలోని లవణ పరిమాణాన్ని తెలిపే విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటిన తరువాత, పెరిగే ప్రతి యూనిట్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని అంచనా.

వేరు దారి ఇలా మూసుకుపోయినప్పుడు పోషకాన్ని ఆకు ద్వారా అందించడమే పైపాటు పిచికారీ. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కీలక దశలలో 2 శాతం డీఏపీని 1 శాతం పొటాష్‌తో కలిపి చల్లమని, మొక్క స్వీయరక్షణ శక్తిని మేల్కొలిపే సాలిసిలిక్ ఆమ్లాన్ని పది లక్షల భాగాలకు 100 పాళ్లలో వాడవచ్చునని సూచిస్తుంది. 200 లీటర్ల ద్రావణానికి 4 కిలోల డీఏపీని ముందురోజు రాత్రే కొద్ది నీటిలో నానవేసి, తెల్లవారాక మడ్డి కదలకుండా పైతేటను గుడ్డలో వడగట్టి, అందులో 2 కిలోల పొటాష్ కరిగించి, మిగతా నీరు కలిపి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ చల్లాలి. చిక్కగా కలిపితే ఆకులు మాడతాయి. మామూలు పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది కనుక, ఉప్పు ఇప్పటికే ఎక్కువగా ఉన్న చోట 13-0-45గా దొరికే పొటాషియం నైట్రేట్ మేలు. ఏది కలిపినా మంచినీటిలోనే కలపాలి, ఎందుకంటే ఉప్పుబోరు నీటితో చేసిన పిచికారీ ఆకు మీద కూడా ఉప్పునే పేరుస్తుంది.

ఇంత చేసినా నేలలోని ఉప్పు రవ్వంతైనా తగ్గదు. లవణాలు పేరుకున్న పాల చౌడు, మంచినీరు నిలగట్టి మురుగు కాలువల గుండా తీసివేస్తేనే పోతుంది. సోడియం పట్టిన కారు చౌడుకు అంతకుముందు జిప్సం, పచ్చిరొట్టగా జీలుగ తప్పవు. పిచికారీ వల్ల పైరు ఒక పంటకాలం తట్టుకుంటుంది తప్ప పొలం బాగుపడదు. అందుచేత డీఏపీ బస్తా కొనడానికి ముందే, రైతులు బోరు నీటిని ఒక సీసాలోనూ పొలం మట్టిని ఒక సంచిలోనూ పట్టి, దగ్గరలోని పరీక్షాకేంద్రానికి పంపించాలి.