బావి నీళ్ళు పెట్రోలు వాసన వేస్తున్నాయా?

పొద్దున్నే బావిలోంచి బిందె పైకి తీశారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. కాని ముఖం కడుక్కోబోతే ఏదో కిరసనాయిలు వాసన! బిందె సరిగ్గా తోమలేదనుకుంటారు. నాలుగు రోజులకు వాసన పోతుంది. మీరూ ఆ సంగతి మరిచిపోతారు. మరిచిపోవద్దని చెప్పడానికే ఈ వ్యాసం.

మీ వీధిలో పెట్రోలు బంకు గాని, డీజిలు డిపో గాని, భూమిలో వేసిన చమురు గొట్టం గాని ఉందేమో చూడండి. బంకుల్లో పెట్రోలు ట్యాంకులు నేల అడుగున ఉంటాయి. వాటికో, గొట్టాలకో తుప్పు పట్టి సన్నని బెజ్జం పడినా చాలు, చుక్క చుక్కగా కారిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. 2013లో చెన్నై తండయార్‌పేటలో ఇలాగే భూమిలోని గొట్టం కారి, ఇళ్ళ బోర్లలో నీళ్ళతో పాటు చమురు వచ్చింది.

నేల అడుగున జరిగేదేమిటి?

పెట్రోలు నీటికన్నా తేలిక. మట్టిలోంచి దిగి, భూగర్భజలం తగలగానే దానిమీద తెట్టులా పరుచుకుంటుంది. అయితే పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంది. అది కొంత నీటిలో కరిగి, నీరు పారే దిక్కుకే మెల్లగా సాగిపోతుంది. అందుకే ఒక్కోసారి పక్కింటి బావి బాగానే ఉండి, మీ బావి చెడిపోతుంది.

బెంజీన్ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే ఎముకల్లోని మూలుగను దెబ్బ తీస్తుంది. రక్తం తయారయ్యేది అక్కడే. రక్తహీనత, చివరకు రక్త కేన్సరు కూడా రావచ్చు. తాగే నీటిలో ఇది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ముక్కుకు తెలియాలంటే అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. కాబట్టి వాసన వస్తే ఆ నీళ్ళు మానెయ్యాలి. వాసన పోయినంత మాత్రాన నీళ్ళు మంచివైపోయాయని కాదు.

పరీక్ష ఒక్కసారితో సరిపోదు

కారిన చోటుకు చుట్టూ సన్నని పరిశీలన బోర్లు వేస్తారు. భూగర్భజలం వచ్చే వైపు ఒకటి, పోయే వైపు కొన్ని. ఎగువ బోరులో లేని బెంజీన్ దిగువ బోర్లలో ఉంటే దోషం ఎక్కడిదో తెలిసిపోతుంది. బెంజీన్ ఇట్టే ఆవిరైపోతుంది గనుక నమూనాను గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపాలి. సగం నింపిన సీసా తీసుకెళితే ఉన్నది కూడా లేనట్లు తేలవచ్చు.

ఎండాకాలం నీటిమట్టం దిగినప్పుడు పెట్రోలు కూడా దిగి మట్టికి అంటుకుంటుంది. వానలకు నీరు పైకి వచ్చి దాన్ని మళ్ళీ తాకుతుంది. అందుకే వానలకు ముందు, తరువాత కూడా పరీక్ష చేయించాలి. ఇలా కొన్నేళ్ళు కనిపెట్టి ఉండాలి.

ఏమరుపాటు ఖరీదు హవాయి దీవుల్లో తెలిసివచ్చింది. అక్కడ రెడ్ హిల్ అనే చోట అమెరికా నౌకాదళం కొండ లోపల 20 పెద్ద ట్యాంకుల్లో ఇంధనం నిలవ చేసేది. సుమారు 100 అడుగుల దిగువనే తాగునీటి ఊట. 2014లో ఒక ట్యాంకు కారింది. 2021 నవంబరులో మళ్ళీ ఇంధనం బయటపడి, దాదాపు 93,000 మంది వాడే నీటిలో కలిసింది. కుళాయి నీళ్ళు వాసన వేస్తున్నాయని ఇళ్ళవాళ్ళు మొత్తుకుంటే, మొదట అధికారులు నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు. తలనొప్పులు, వాంతులు, దద్దుర్లతో జనం అవస్థ పడ్డారు. ఆ డిపోను మూసివేస్తామని 2022 మార్చిలో ప్రకటించారు.

మీరు చేయవలసినవి

1. వాసన తెలిసిన రోజే ఆ నీళ్ళు తాగడం, వంటకు వాడడం ఆపండి. తలుపులు మూసిన గదిలో ఆ నీళ్ళతో వేడినీళ్ళ స్నానం చేయకండి. ఆవిరితో పాటు బెంజీన్ ఊపిరిలోకి పోతుంది. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త.

2. కాచి తాగుదామనుకోకండి. కాస్తే ఆ ఆవిరి వంటింట్లోనే చేరుతుంది. పటిక, బ్లీచింగు పొడి, క్యాండిల్ ఫిల్టరు దీనికి పనికిరావు.

3. బావి దగ్గర అగ్గిపుల్ల గీయకండి. మోటారు వేయకండి. చూసి వస్తానన్నా ఎవరినీ బావిలోకి దించకండి. ఆ ఆవిరి అంటుకోవచ్చు, మనిషిని స్పృహ తప్పించవచ్చు.

4. వాసన వచ్చిన తేదీలు కాగితం మీద రాసి ఉంచండి. మునిసిపాలిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయండి. మామూలు నీటి పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు, క్రిములు చూస్తారే గాని పెట్రోలు బయటపడదు. "బెంజీన్ పరీక్ష" అని పేరు పెట్టి అడగండి.

5. చాలాకాలం ఆ నీళ్ళు తాగి ఉంటే డాక్టరుకు బావి సంగతి చెప్పండి. చెప్పకపోతే మీ నీరసానికి మూలం బావిలో ఉందని ఆయనకు తట్టకపోవచ్చు.

ఆ వీధిలో అందరిదీ ఒకే భూగర్భజలం. మీకు వాసన తెలిసిన రోజే పక్కింటివాళ్ళకూ చెప్పండి.