ముసుగులోని బొగ్గు

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ ఉత్తేజిత బొగ్గుతో ముసుగు రూపొందించాడు. 1918లో అమెరికాలో ముసుగుల బొగ్గు కోసం ఊరూరా పీచ్ పండ్ల పిక్కలు పోగుచేశారు. గట్టి పిక్కను, కొబ్బరి చిప్పను కాల్చి ఆవిరి పట్టిస్తే సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. అలాంటి బొగ్గు గ్రాములో దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది.

అయితే చోటు ఉన్నంత మాత్రాన చాలదు. క్లోరోపిక్రిన్ అనే విషవాయువు బరువైన అణువులు ఆ రంధ్రాల్లో బాగానే నిలుస్తాయి. హైడ్రోజన్ సైనైడ్, సైనోజెన్ క్లోరైడ్ అనే విషవాయువుల అణువులు చిన్నవి, తేలిగ్గా ఆవిరయ్యేవి. వాటిని పట్టి ఉంచేవి బలహీనమైన వాండర్‌వాల్స్ ఆకర్షణలే. ఊపిరి తీస్తున్నకొద్దీ గాలి వాటిని ముందుకు తోసేస్తుంది.

అందుకే అమెరికా రసాయనవేత్తలు వెట్జెల్, ఫుల్లర్ బొగ్గుకు రాగి లవణాలు పట్టించారు. ఆ బొగ్గుకు వెట్లరైట్ అని పేరు. రాగి హైడ్రోజన్ సైనైడ్‌తో చర్య జరిపి దాన్ని కట్టిపడేస్తుంది, కానీ ఆ చర్యలోనే సైనోజెన్ అనే మరో విషవాయువు పుడుతుంది! రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాగి, వెండిలకు క్రోమియం జోడించడానికి అదొక కారణం. సైనోజెన్‌నూ, సైనోజెన్ క్లోరైడ్‌నూ క్రోమియం అడ్డుకుంది. తేమ తగిలితే మాత్రం దాని శక్తి సన్నగిల్లేది. పైగా ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. సైనికుణ్ణి కాపాడే పొడి, దాన్ని తయారుచేసే కార్మికుడికి హాని చేయడం నా దృష్టిలో చిన్న లోపం కాదు. 1990లలో అమెరికా సైన్యం క్రోమియం స్థానంలో జింకు, మాలిబ్డినంలతో పాటు ట్రైఇథిలీన్‌డయమీన్‌ను వాడింది. అణు కేంద్రాల వడపోతల్లో రేడియోధార్మిక మిథైల్ అయొడైడ్‌ను పట్టేదీ ఈ అమీన్ పూసిన బొగ్గే.

ఇదంతా పైపూత. డోపింగ్ అంతకన్నా లోతైన మార్పు: కార్బన్ వలయంలోనే ఒక పరమాణువును తీసి నైట్రోజన్‌ను కూర్చడం. బొగ్గును అమ్మోనియాలో బాగా వేడిచేస్తే కొంత నైట్రోజన్ అలా చేరుతుంది. వలయం అంచున కుదిరిన నైట్రోజన్‌కు బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. దానివల్ల ఉపరితలానికి క్షారగుణం వస్తుంది, ఆమ్లగుణమున్న కార్బన్ డయాక్సైడ్‌పై పట్టు పెరుగుతుంది. రంధ్రాలు ఎంత సన్నవి అన్నదీ అంతే ముఖ్యం. నైట్రోజన్ పెంచబోయి రంధ్రాలు కూల్చుకుంటే లాభం లేదు.

ఇక్కడా తేమ వదలదు. ధ్రువత ఉన్న ఆ చోట్లు నీటి అణువులనూ పిలుస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాల్సిన పొగగొట్టపు వాయువులో దానితో పాటు నీటి ఆవిరి ఉండనే ఉంటుంది. కాబట్టి పొడి వాయువుతో వచ్చిన ఫలితం చూసి సంబరపడకుండా, తడి గాలిలో మళ్లీ పరీక్షించాలి.