ఫోనులో మన అక్షరం



ఇన్‌లాండు కవర్ల రోజులు పోయాయి. ఇప్పుడు కుశలప్రశ్నలన్నీ ఫోనులోనే కదా! అయితే మనలో చాలామందిమి తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసేస్తున్నాం. చేతికి అలవాటైపోయిందంటాం. కాని, "కళ్ళు మండుతున్నాయి" అని అమ్మాయికి రాయబోతే ఆ అక్షరాల్లో కళ్ళకూ కల్లుకూ తేడా తెలియదు! మన ళకారం, ణకారం, దీర్ఘాలు అక్కడ నిలవవు.

ఒకప్పుడు కంప్యూటరులో తెలుగు రాయడం కష్టమే. ఒక యంత్రంలో రాసింది ఇంకో యంత్రంలో పిచ్చిగీతల్లా కనబడేది. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కొక్క అంకె కేటాయించే యూనికోడు పద్ధతిలో 1991లో తెలుగుకూ చోటు దొరికింది. "క్ష" అంటే లోపల మూడంకెలు: క, పొల్లు, ష. ఫోను వాటిని కలిపి ఒకే అక్షరంగా చూపిస్తుంది. అందుకే హైదరాబాదులో రాసింది అమెరికాలోనూ తెలుగులాగే కనబడుతుంది.

నేర్చుకోవడం ఎంతసేపు? ఫోను సెట్టింగుల్లో తెలుగు కీబోర్డు ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలు నొక్కినా తెలుగులోకి మార్చేవి ఉన్నాయి. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే రాసిపెట్టేవీ ఉన్నాయి. వాటిని మాత్రం పంపేముందు ఒకసారి చదువుకోవాలి సుమా!

ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. రోజూ వాళ్ళ కంటబడే తెలుగు అమ్మ పంపే నాలుగు ముక్కలే కావచ్చు. "అన్నం తిన్నావా?" అన్న ఆ ఒక్క మాటా ఇవాళ తెలుగులో రాసి పంపండి.