కొరియాలోనూ ‘ఇగో’నే

మా అక్క కూతురు ఫోన్లో కొరియన్ సీరియళ్ళు చూసి చూసి, ఇక ఆ భాష నేర్చుకోవాల్సిందేనని కూర్చుంది. వాళ్ళది ములకలపల్లి. పోయినసారి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే ఎదురొచ్చి, “మామా, వాళ్ళు కూడా ‘ఇగో’ అంటున్నారు!” అంది. నిజమే. చేతిలోది అందిస్తూ మనం “ఇగో, తీస్కో” అన్నట్టే కొరియావాళ్ళు “ఇగొ” అంటారు. దానికి అర్థం ‘ఇది’. పుస్తకాల్లో ‘ఇగొత్’ అని పూర్తిగా రాస్తారు, నోటి మాటలో చివరి అక్షరం జారిపోయి ‘ఇగొ’ మిగులుతుంది. శబ్దం కలవడం కాకతాళీయమే అయినా మొదటి పాఠం ఇంత తేలిగ్గా గుర్తుండే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది!

బడిలో త్రికసంధి చదివినవాళ్ళకు ఆ, ఈ, ఏ గుర్తుండే ఉంటాయి. ఈ మూడింటికీ కలిపి త్రికమని పేరు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనూ ఇదే మాట. చూపించడానికి రెండు, అడగడానికి ఒకటి. కొరియన్‌లో చూపించడానికే మూడున్నాయి: ఇ, గు, జొ. అడగడానికి ‘ఒను’ వేరే. అంటే మనది త్రికం, వాళ్ళది చతుష్కం. ఇందులో ‘గు’ పలికేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టకూడదు, పళ్ళు కనిపించేలా సాగదీసి ‘ఉ’ అనాలి. ‘జొ’లో అచ్చు మన అకారానికీ ఒకారానికీ నడుమ ఉంటుంది.

మరి ఆ మూడో వేలు ఎటు చూపిస్తుంది?

సంతకు పోదాం. మన ముందు చింతపండు బుట్ట ఉంది. బుట్టకు అవతల కూర్చున్న పెద్దమ్మ చేతిలో తక్కెడ. ఆమె వెనక, ఊరు దాటాక, గుట్ట. తెలుగులో ఈ చింతపండు, ఆ తక్కెడ, ఆ గుట్ట అంటాం. తక్కెడకూ గుట్టకూ ఒకటే ‘ఆ’. కొరియన్‌లో అలా కుదరదు. చింతపండు నా దగ్గరుంది కాబట్టి ‘ఇ’. తక్కెడ పెద్దమ్మ దగ్గరుంది కాబట్టి ‘గు’. గుట్ట ఇద్దరికీ దూరం కాబట్టి ‘జొ’. కొండను వాళ్ళు ‘సన్’ అంటారు, కనుక ‘జొ సన్’. ఇప్పుడు పెద్దమ్మ మాట్లాడుతుందనుకోండి. ఆమెకు తక్కెడ ‘ఇ’ అయిపోతుంది, నా ముందున్న చింతపండు ‘గు’ అవుతుంది. గుట్ట మాత్రం కదలదు. ఎవరు నోరు తెరిచినా అది ‘జొ సన్’ అనే.

ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు ‘దిస్’, ‘దట్’ రెండే పట్టుకుని, మూడోది ఇంకాస్త దూరం కాబోలనుకుంటారు. ఇక్కడ పని కొలతతో కాదు. మాట్లాడే ముందు ఎదుటివాడు ఎక్కడున్నాడో, వాడి చేతిలో ఏముందో చూసుకోవాలి. నాకు ఈ భాషలో మనసుకు పట్టిన విషయం ఇదే.

‘గు’కు ఇంకో పని కూడా ఉంది. కళ్ళ ముందు లేనిది, ఇద్దరికీ తెలిసినది, ఇందాక మాటల్లో వచ్చినది, అన్నీ ‘గు’ కిందికే. “ఆ రోజు వాన పడ్డది చూడు” అనడంలోని ‘ఆ’ కూడా గునే. ‘అప్పుడు’ అనడానికి వాళ్ళ మాట ‘గుత్తె’. అక్క కూతురు మొదట్లో ఫోన్లో స్నేహితురాలితో మాట్లాడుతున్నట్టు సాధన చేస్తూ, నిన్న చదివిన పుస్తకాన్ని ‘జొ’ అనేది. పుస్తకం ఎదురుగా కనబడుతుంటే కదా జొ! దానికి నేనో తెలుగు గుర్తు చెప్పాను. వస్తువు ఎదుటివాళ్ళ దగ్గరుంటే మరో ఆలోచన లేకుండా ‘గు’. లేకపోతే “అదుగో” అని వేలు చాపగలమా చూసుకో. చాపగలిగితే జొ, లేదంటే గు. అదుగో అనే మాట కనబడేదానికే కదా అంటాం! ఆ గుర్తు చెప్పాక మళ్ళీ తప్పు చేయలేదు.

ఈ మాటల్ని వాక్యంలో ఎలా వాడాలోనన్న భయం తెలుగువాళ్ళకు అక్కరలేదు. ‘ఈ’ ఒంటరిగా నిలబడదు, పక్కన పేరుండాలి, లేదంటే ‘ఇది’ కావాలి. కొరియన్ ‘ఇ’ కూడా అంతే. పేరు లేనప్పుడు ‘వస్తువు’ అనే అర్థమున్న ‘గొత్’ తగిలించి ఇగొత్, గుగొత్, జొగొత్ అంటారు. ఈ చెట్టు, ఈ చెట్లు అన్నప్పుడు మన ‘ఈ’ మారదు; వాళ్ళ ‘ఇ’ కూడా మారదు. ధర అడగాలంటే “ఇగొ ఒల్మాయేయో?” ముక్క ముక్కగా చూస్తే ‘ఇది ఎంత అండీ’, వరుస కూడా అదే. చివరి ‘యో’ మన ‘అండీ’ చేసే పనే చేస్తుంది.

తెలుగులో లేని ఆ మూడో మెట్టు మన భాషా కుటుంబానికి కొత్తదేమీ కాదు. తమిళుల వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం అ, ఇ, ఉ మూడింటినీ చూపించే అక్షరాలుగా చెప్పింది. శ్రీలంకలోని యాళ్పాణం తమిళుల మాటల్లో ఆ ఉకారం ఇప్పటికీ బతికుంది. జార్ఖండ్ వైపు మాట్లాడే కుడుఖ్‌లో దగ్గరి మనిషి ‘ఈస్’, దూరపు మనిషి ‘ఆస్’, ఇంకా అవతలి మనిషి ‘హూస్’. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ ఉకారాన్ని మూలభాష దాకా తీసుకెళ్ళారు. తెలుగు దాన్ని ఎప్పుడో వదిలేసుకుంది. ములకలపల్లి చుట్టూ వినబడే కోయ మాట కూడా ఈ కుటుంబంలోదే. అక్కడా దగ్గరకు ఇకారం, దూరానికి అకారం. ఆ ఊరి పిల్లలు చాలామంది రెండు భాషల్లో వేలు చూపించడం నేర్చుకునే బడికి వస్తారు. మూడోది వాళ్ళకొక లెక్కా!

ఇన్ని పోలికలు కనబడితే చుట్టరికం వెతకాలనిపించడం సహజం. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1886లో కొరియాకు పాఠాలు చెప్పడానికి వెళ్ళి, 1905లో సియోల్‌లో కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోల్చి ఏకంగా ఒక వ్యాకరణమే అచ్చువేశాడు. కొరియన్‌లో ‘నా’ అంటే నేను, ‘నొ’ అంటే నువ్వు. అలాంటివి చూస్తే ఆయన ఉత్సాహం అర్థమవుతుంది. నేటి భాషావేత్తల్లో ఎక్కువమంది ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. దగ్గరిదానికి సన్నని ఇకారం వాడడం సంబంధం లేని భాషల్లోనూ కనిపిస్తుంది. ‘నా’, ‘ఇ’ వంటి పొట్టి మాటలు ఎవరికైనా కలుస్తాయి.

మనుషుల దగ్గరికొస్తే వరస ఇంకా బాగుంటుంది. మన వీడు, వాడు, ఆమె, ఆయన అన్నీ చూపించే మాటల్లోంచి పుట్టినవే. వాళ్ళు పిల్లల్నీ ఈడువాళ్ళనీ యే, గే, జే అంటారు. ‘ఇ పిల్ల, గు పిల్ల, జొ పిల్ల’ అన్న మాటలే నోట్లో నలిగి అలా అయ్యాయి. ఆడా మగా తేడా లేదు. పెద్దవాళ్ళయితే ‘ఇబున్, గుబున్, జొబున్’, మన వీరు, వారు లాగా. పెద్దాయన్ని ‘గే’ అన్నారో, ఊళ్ళో పెద్దమనిషిని ‘వాడు’ అన్నంత పని.

చోటుకు యొగి, గొగి, జొగి, అడగడానికి ‘ఒది’. ఈడ, ఆడ, ఏడ అని పెరిగినవాళ్ళకు ఇది ఒక పూట పని.

ముద్దు చేసేటప్పుడో తీసిపారేసేటప్పుడో అచ్చే మారిపోతుంది: ఇగొత్ ‘యోగొత్’ అవుతుంది, గుగొత్ ‘గోగొత్’, జొగొత్ ‘జోగొత్’. చిట్టి వస్తువుకు చిట్టి అచ్చు. మనకు ‘ఇంత’ అని వేళ్ళు దగ్గరికి తెచ్చి చూపిస్తే గానీ ఆ పని జరగదు.

సీరియల్‌లో నిమిషానికోసారి వినబడే ‘గురె’ ఏమిటంటారా? ‘అలాగే’. ‘గురెసొ’ అంటే అందుకే. ‘గురొమ్యొన్’ అంటే అలాగైతే. మనం అలా, అందుకు, అప్పుడు అంటూ అకారం మీద కథ నడిపినట్టే వాళ్ళు గు మీద నడుపుతారు. ఇలాంటివి నాలుగు పట్టుబడితే అర్థంకాని సంభాషణలో కూడా మలుపులు తెలుస్తాయి.

ఇదంతా సీరియళ్ళ మోజేనని కొట్టిపారేయకండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కొరియా కంపెనీ కియా కార్లు తయారవుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం, బడిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్ పేరు కూడా రాసింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కొరియాలో భార్యాభర్తలు ఒకరినొకరు ‘యొబో’ అని పిలుచుకుంటారు. అది ‘యొగి బోఓ’ కుదించుకుపోయిన మాట, అంటే ‘ఇటు చూడు’. ఫోన్ ఎత్తగానే అనే ‘యొబోసేయో’ కూడా దాని చుట్టమే. మా అమ్మమ్మ జీవితమంతా తాతయ్యను పేరుపెట్టి పిలవలేదు. వంటింటి గడపలో నిలబడి “ఇదిగో” అనేది. పశువుల పాకలో ఉన్నా సరే, ఆయన వెంటనే తలెత్తి చూసేవాడు.