చెయ్యి వణికితే చెంచా ఎలా ఉండాలి?



ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ నెల ఇచ్చిన ప్రాజెక్టు చూసి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. "ఘర్షణ పాఠానికీ మా అత్తయ్యగారి భోజనానికీ సంబంధం ఏమిటి మేడమ్?" అని అడిగారు. సంబంధం ఉంది. చేతులు వణికేవాళ్ళు ఇబ్బంది లేకుండా తినేలా ఒక చెంచానో గ్లాసో తయారుచేయాలంటే బలం, బరువు, ఘర్షణ అన్నీ అక్కరకొస్తాయి. వాటికంటే ముందు, ఆ తినే మనిషి ఎలా తింటారో చూసి ఉండాలి. పిల్లలు మొదటిది క్లాసులో నేర్చుకుంటారు. రెండోది మీ ఇంట్లోనే నేర్చుకోవాలి. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

ముందు వణుకు సంగతి. పెద్దవాళ్ళ చెయ్యి వణికితే "వయసు మీద పడింది కదా" అని వదిలేస్తాం, లేదంటే పార్కిన్సన్స్ అని హడలిపోతాం. రెండూ తొందరపాటే. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చెయ్యి ఒళ్ళో ఖాళీగా ఉన్నప్పుడు కనిపిస్తుంది, పని మొదలుపెడితే కొంత తగ్గుతుంది. సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఉంటుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనేది ఇంకొకటి. ఇందులో ఊరికే పెట్టుకున్న చెయ్యి బాగానే ఉంటుంది, కాఫీ గ్లాసు ఎత్తగానే వణుకు మొదలవుతుంది. భోజనం దగ్గర ఎక్కువ ఏడిపించేది ఇదే. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కొన్ని మందుల వల్లా కూడా చేతులు వణుకుతాయి. కాబట్టి వణుకు కొత్తగా మొదలైతే ముందు డాక్టరు, ఆ తర్వాతే చెంచా.

వణుకు వల్ల చొక్కా మీద చారు పడితే ఉతికితే పోతుంది. ఆ మరక నలుగురి కంట్లో పడుతుందన్న బెదురు అలా పోదు. పెళ్ళికి వెళ్తారు, అక్షింతలు వేస్తారు, భోజనాల వేళకు "ఆకలి లేదమ్మా" అంటారు. ఇంట్లో "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అంటారు. తర్వాత ఒక్కరే కూర్చుని, రోజూ తినేదానిలో సగం తిని లేస్తారు. అప్పుడు మనం ప్రేమతోనే "ఉండండి మామయ్యా, నేను తినిపిస్తాను" అంటాం. అలా తినిపించాల్సిన రోజు కొందరికి నిజంగానే వస్తుంది. కానీ లోతైన చెంచాతో తీరిపోయే ఇబ్బందికి, అరవై ఏళ్ళు తన చేత్తో తిన్న మనిషికి ముద్దలు పెట్టడం నాకైతే సబబుగా అనిపించదు.

చెంచా దగ్గరికి వద్దాం. అన్నం మూడు చోట్ల జారుతుంది: కంచంలోంచి చెంచాలోకి ఎక్కేటప్పుడు, నోటి దాకా వచ్చే దారిలో, పెదవుల దగ్గర. ఎవరికి ఎక్కడ జారుతోందో చూడకుండా చెంచా మార్చి లాభం లేదు. దారిలోనే జారుతుంటే లోతైన, పొట్టి కాడ చెంచా పనికొస్తుంది. కాడ పొడుగైన కొద్దీ వేళ్ళ దగ్గరి చిన్న వణుకు చివరికి వచ్చేసరికి పెద్దదవుతుంది, చీపురు పిడి కదిపితే కుచ్చు ఎంత ఊగుతుందో చూడండి. సన్నటి కాడ పట్టుకోవాలంటే వేళ్ళు గట్టిగా బిగించాలి, బిగించిన కొద్దీ వణుకు పెరుగుతుంది. లావు కాడకు అంత బిగింపు అక్కర్లేదు. ఏసీ రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం రిపేరు షాపుల్లో దొరుకుతుంది. జానెడు ముక్క స్టీలు చెంచా కాడకు తొడిగితే చాలు. తిన్నాక తీసి కడిగి ఆరబెట్టాలి, లేకపోతే లోపల తడి నిలిచి వాసనొస్తుంది.

బరువు సంగతి కొంచెం చిక్కు. బరువైన వస్తువును కదపడం కష్టం కాబట్టి బరువు చెంచా తక్కువ వణుకుతుందని పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ కండ బలం తగ్గిన చేతికి అదే బరువు నాలుగు ముద్దలయ్యేసరికి నొప్పి పుట్టిస్తుంది. పుస్తకంలో చదివిన జడత్వం నానమ్మ భుజం దగ్గర ఆగిపోతుందన్నమాట. ఎవరికి ఏది కుదురుతుందో వాళ్ళు తిని చూస్తేనే తెలుస్తుంది.

యంత్రంతో కూడా దారి కనిపెట్టారు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో చదివిన అనుపమ్ పాఠక్ అనే ఇంజనీరు లిఫ్ట్‌వేర్ అనే చెంచా తయారుచేశారు. పిడిలోని సెన్సర్లు చెయ్యి ఎటు కదులుతోందో కనిపెడుతుంటాయి. నోటి వైపు వచ్చే కదలిక నెమ్మదిగా ఉంటుంది, వణుకు వేగంగా ఉంటుంది. ఆ తేడాను బట్టి వేగమైన కదలికకు మాత్రమే మోటార్లు చెంచాను ఎదురు దిక్కుకు తిప్పుతాయి. చెయ్యి వణుకుతూనే ఉంటుంది, చెంచా మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్న 15 మందితో చేసిన చిన్న పరీక్షలో చెంచా వణుకు బాగా తగ్గింది. 2014లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. మొదట్లో దాని ధర 295 డాలర్లు. గొప్ప పనితనమే, కాదనను. కానీ మన పప్పన్నం కలపడానికి అది పనికిరాదు, ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతే ఆ పూట అది మామూలు చెంచాయే.

నాకు అంతకంటే నచ్చినవి రెండు కప్పులు. పుణెకు చెందిన మిలేహా సోనేజీ అనే డిజైనర్, పార్కిన్సన్స్ ఉన్న తన అంకుల్ నలుగురిలో కాఫీ, టీ తాగడం మానేశారని గమనించారు. ఆమె చేసిన కప్పు అంచు లోపలికి వంగి ఉంటుంది. వణికినప్పుడు ఎగిసిన టీ ఆ వంపుకు తగిలి మళ్ళీ కప్పులోకే పడుతుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. అసలు తెలివి ఇంకోచోట ఉంది: చూడడానికి అది రోగుల కప్పులా ఉండదు. చేతిలో కప్పు నిలవని ఎవరైనా వాడుకోవచ్చు. రెండోది, చికాగో ప్రాంతంలో లిల్లీ బోర్న్ అనే చిన్నపిల్ల పార్కిన్సన్స్ ఉన్న తాతయ్య కోసం చేసిన మూడు కాళ్ళ కప్పు, తొందరగా ఒరిగిపోదు. ఇద్దరూ మొదలుపెట్టింది ఇంట్లో ఒక మనిషిని గమనించడంతోనే.

ఈ డిజైన్లలో ఎక్కువ భాగం ఫోర్కు, స్పూను భోజనం కోసం పుట్టినవి. మన భోజనం వేరు. మనం కలుపుతాం, ముద్ద చేస్తాం, చివర్లో పెరుగన్నం జుర్రుకుంటాం. చేత్తో తినేవాళ్ళకు చెంచా ఇవ్వడమంటే ఒక అలవాటును మాన్పించడం, అది వాళ్ళకు చిన్నతనంగా తోచవచ్చు. కాబట్టి చెంచా కంటే ముందు కంచం వైపు చూడండి. నిలువు అంచు ఉన్న మన పాత స్టీలు కంచం ఇక్కడ అక్కరకొస్తుంది. అన్నాన్ని ఆ అంచుకు ఆనించి వేళ్ళతో గానీ చెంచాతో గానీ తీసుకోవచ్చు. వణికే చేతికి ఒక గోడ దొరుకుతుంది. విదేశాల్లో ఇలాంటి ఎత్తంచు పళ్ళేలను ప్రత్యేకంగా అమ్ముతారు. మనమేమో డైనింగ్ టేబుల్ కొన్నాక కంచాలు అటకెక్కించి, అంచులేని పింగాణీ ప్లేట్లు తెచ్చుకున్నాం. కంచం జారకుండా కింద తడిపి పిండిన తువాలు పరవండి (ఘర్షణ పాఠం ఇక్కడే). మోచేతులు టేబుల్ మీద ఆనించుకోనివ్వండి, మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చు. చారు పలచగా పోసిన అన్నం కంటే పప్పుతో ముద్దగా కలిపినది జారదు. వంటింట్లోనే కలిపి తేవాలా వద్దా అన్నది మాత్రం తినేవాళ్ళను అడిగి చేయండి.

ఇక పిల్లలు చేయాల్సిన పని. చాలామంది తమ చెయ్యి తామే ఊపుకుంటూ చెంచాను పరీక్షిస్తున్నారు. కావాలని ఊపే చెయ్యి, తనంతట తానే వణికే చెయ్యి ఒకటి కావు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే, వాళ్ళతోనే పరీక్ష చేయాలి. కొలిచే గ్లాసుతో 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు పోసి, ఐదుసార్లు నోటి దాకా తీసుకెళ్ళి దించమనండి, తాగక్కర్లేదు. ఎన్ని మిగిలాయో రాసుకోవాలి. కప్పు మార్చి మళ్ళీ అంతే. వేడి కాఫీతో మాత్రం వద్దు. వీడియోలు తీయొద్దని పిల్లలకు చెప్పాను, మీరు కూడా ఒక కన్నేసి ఉంచండి. ఫ్యామిలీ గ్రూపులో ఆ వీడియో పడిందంటే ఇంకెప్పుడూ ఆ పెద్దాయన మీ ఎదుట గ్లాసు ఎత్తరు.

రిపోర్టులో చివరి కాలమ్ "వాడినవారి మాట". అక్కడ పిల్లల అభిప్రాయం కాదు, తాతయ్యో అమ్మమ్మో అన్న మాటే ఉన్నదున్నట్టు రాయాలి. "నాకిది వద్దు" అన్నా సరే, అదే రాయాలి. దానికి మార్కులు తగ్గవు. ఫోమ్ గొట్టం ఎలాగూ ఏసీకి పనికొస్తుంది.